గ్రాఫిక్స్ కార్డు కొన్నారు సరే, దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినపడుతోందా? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. నా చేతిలో ఉన్న ఈ డబ్బా కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై, దీని మీద స్టిక్కరుంది, దాని మీద చిన్న చిన్న అంకెలున్నాయి. ఇవాళ మన మాటలన్నీ ఆ అంకెల చుట్టూనే.

ముందు ఒక్క ప్రశ్న. మీ కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు ఏదో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, దాదాపు అందరూ. ర్యామ్ ఎంతుందో తెలిసినవాళ్ళు? అందరూ. ప్రాసెసర్? అందరూ. మరి లోపలున్న పవర్ సప్లై, మనం ఎస్‌ఎంపీఎస్ అంటామే, దాని మోడల్ పేరు తెలిసినవాళ్ళు? ముగ్గురు. సరే, దించండి. ఆ ముగ్గురూ ఒక గంట ఓపిక పట్టండి, ఇవాళ నేను మాట్లాడేది మిగతావాళ్ళతో.

మా అక్క కొడుకు సంగతి చెప్తాను. వాడి దగ్గర ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 కార్డు ఉన్న కంప్యూటర్ ఉండేది. రెండేళ్ళు ఏ గొడవా లేకుండా నడిచింది. తర్వాత డబ్బులు కూడబెట్టుకుని ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ కొన్నాడు. పాత కార్డు తీశాడు, కొత్తది పెట్టాడు, వైర్లు గుచ్చాడు, ఆన్ చేస్తే ఆన్ అయింది. సంబరంగా ఫోన్ చేశాడు. రెండో రోజు మళ్ళీ ఫోన్: "మామయ్యా, ఆట ఆడుతుంటే మధ్యలో టక్‌మని ఆగిపోతోంది." హ్యాంగ్ అవడం కాదు, నీలం తెర రావడం కాదు, ఇంట్లో కరెంటు పోతే ఎలా ఆరిపోతుందో అలా. మళ్ళీ బటన్ నొక్కితే లేవదు. వెనకాల స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తేనే లేస్తుంది.

వాడేం చేశాడో తెలుసా? డ్రైవర్లు మార్చాడు. విండోస్ మళ్ళీ ఎక్కించాడు. ర్యామ్ తీసి, తుడిచి పెట్టాడు. చివరికి కార్డే పాడైందని వారంటీకి పంపించాడు. మూడు వారాలు కంప్యూటర్ లేకుండా ఎదురు చూస్తే, కార్డులో ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. పెట్టాడు, ఆడాడు, మళ్ళీ టక్. అప్పటికి వాడి గొంతులో ఏడుపు వినపడుతోంది నాకు. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న చివర్న అడిగాను, ఆ బాధ నాకింకా ఉంది. "ఒరేయ్, సప్లై మీద స్టిక్కరు ఫోటో తీసి పంపు" అన్నాను. పంపాడు. పెద్దక్షరాలతో 500 వాట్లు అని ఉంది.

500 వాట్లు! కార్డు 230, ప్రాసెసర్ మహా అయితే 117. కూడితే 347. ఐదొందలుంటే సరిపోవద్దూ? మీరేమంటారు? సరిపోవాలి కదా? మరెందుకు ఆగిపోయింది?

స్టిక్కరు చదవడం

ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. నిదానంగా చూద్దాం.

సప్లై ఏం చేస్తుంది? గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని, లోపలి భాగాలకు పనికొచ్చే చిన్న వోల్టేజీల్లోకి మారుస్తుంది. ముఖ్యంగా మూడు లైన్లు: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు. ఈరోజుల్లో బరువు పనంతా చేసేది ఏ లైను? పన్నెండు. గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు మొత్తం పన్నెండు వోల్టుల నుంచే. ప్రాసెసర్ తాగేదీ పన్నెండు వోల్టుల నుంచే. ఫ్యాన్లూ అంతే. 3.3కీ, 5కీ మిగిలింది యూఎస్‌బీ, ఎస్‌ఎస్‌డీల లాంటి చిన్నాచితకా పని. ఎప్పుడో ప్రాసెసర్లు ఐదు వోల్టుల మీద నడిచే కాలంలో ఆ లైన్లకు బలం కావాల్సొచ్చేది. ఆ కాలం పోయి చాన్నాళ్ళయింది. కానీ చవక సప్లైల్లో కొన్ని ఇప్పటికీ ఆ పాత డిజైన్‌తోనే వస్తున్నాయి.

ఇప్పుడు వాడి స్టిక్కరు చదువుతాను, వినండి. 3.3, 5 కలిపి 170 వాట్లు. తర్వాత 12వీ1 అని రాసి 16 ఆంపియర్లు, 12వీ2 అని రాసి 16 ఆంపియర్లు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 16, 16 కలిపితే 32, పన్నెండు పెట్టి గుణిస్తే 384, బాగానే ఉందిగా అనుకుంటారు. దాని కింద ఇంకో చిన్న గడి ఉంటుంది, రెండు పన్నెండులూ కలిపి గరిష్ఠం ఎంత అని. అందులో ఏముంది? 312 వాట్లు. అంతే. అంటే 26 ఆంపియర్లు. మిగతాదంతా కలుపుకుని ఐదొందలు అని డబ్బా మీద వేశారు. అబద్ధం కాదు అది. కానీ మనకు కావాల్సిన చోట లేని బలం అది. మా వాడి 3.3 లైనులో ఎంత మిగిలిపోయినా అది కార్డు నోట్లోకి రాదు.

ఆటాడేటప్పుడు ప్రాసెసర్ 117 మొత్తం తాగదు, ఒక 60, 70 తాగుతుందనుకుందాం. కార్డుకి 230. ఫ్యాన్లకీ, డిస్కులకీ, బోర్డుకీ ఇంకొంచెం. లెక్క 312 అంచుకొచ్చేసింది. అందుకే మెనూల్లో ఉన్నంతసేపూ బాగుండేది, వర్షం, పేలుళ్ళు, జనం అన్నీ ఒకేసారి తెర మీదికొచ్చే సీను రాగానే టక్. మరి పాత కార్డుతో? జీటీఎక్స్ 1650 తాగేది 75 వాట్లు. అప్పుడు ఆ బలహీనత బయటపడే అవకాశమే రాలేదు.

కాబట్టి, ఇది మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి: డబ్బా మీద పెద్ద అంకె కాదు, పన్నెండు వోల్టుల లైను చూడండి. ఆంపియర్లను పన్నెండుతో గుణించండి. వచ్చిన వాట్లు మొత్తం వాట్లకి దగ్గరగా ఉండాలి. ఇదిగో నా చేతిలో ఉన్నది, ఇది కూడా 500 వాట్లదే. పన్నెండు దగ్గర ఏముంది? ముందు వరసలో చెల్లెమ్మా, నువ్వు చదువు. 41. 41ని పన్నెండుతో గుణిస్తే? 492. చూశారా, ఐదొందల్లో 492 ఒక్క లైనులోనే ఇవ్వగలదు. రెండింటి మీదా ఒకటే అంకె. ఒకటి 312, ఇంకోటి 492.

ఇంకో సంగతి, కొన్ని స్టిక్కర్ల మీద 'పీక్' అనో 'మ్యాక్స్' అనో ఉంటుంది. పీక్ అంటే ఒక్క క్షణం మోయగలిగేది. గంటల తరబడి మోసేది వేరు. ఆగకుండా ఇచ్చే వాట్లెంత అన్నది స్పష్టంగా రాయని సప్లైని నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోవద్దు.

సరే, మరి మనకి ఎంత కావాలి? కార్డు కంపెనీలు కార్డు తాగే వాట్లు చెప్తాయి, పక్కనే సప్లై ఎంతుండాలో కూడా చెప్తాయి. ఆర్‌టీఎక్స్ 4060 తాగేది 115, సప్లై 550 కావాలంటారు. ఆర్‌టీఎక్స్ 4070 తాగేది 200, 650 అంటారు. 4090కి 450, 850 అంటారు. 5090 అయితే 575, సప్లై వెయ్యి. ఇంత తేడా ఎందుకు? ఎందుకంటే మీ దగ్గర ఏ ప్రాసెసర్ ఉందో వాళ్ళకి తెలీదు. ఐ9-13900కే లాంటిది ఉంటే అదొక్కటే 253 వాట్ల దాకా వెళ్తుంది. మీ సప్లై మంచిదో, మా వాడిదాని లాంటిదో అది కూడా వాళ్ళకి తెలీదు. అందుకని దండిగా చెప్తారు. వాళ్ళని తప్పు పట్టను. కానీ మీ దగ్గర ఏముందో మీకు తెలుసు కదా? అందుకని మీ లెక్క మీరే వేసుకోండి.

లెక్క ఇలా వేస్తాను నేను. కార్డు తాగేది, ప్రాసెసర్ గరిష్ఠంగా తాగేది, మిగతా అంతటికీ కలిపి ఒక 50, 60. ప్రాసెసర్ దగ్గర జాగ్రత్త, డబ్బా మీద 65 వాట్లని ఉన్నంత మాత్రాన 65 తోనే ఆగదు. రైజెన్ 5 5600 మీద 65 అని ఉంటుంది, తీసుకునేది 76 దాకా. మనం చెప్పుకున్న 12400 మీదా 65 అనే ఉంటుంది, 117 దాకా వెళ్తుంది. ఈ మొత్తం వచ్చాక దాని మీద ఇంకో మూడో వంతో, సగమో కలుపుకోండి. 400 వస్తే 550, 600 దగ్గర చూడండి. 650 దొరికితే మరీ మంచిది.

ఆ సగం ఎందుకు కలపాలి? అసలు కిటుకు ఇక్కడే ఉంది. కార్డు 230 తాగుతుంది అన్నామే, అది సగటు. సగటు మాత్రమే. మోటారు వేసినప్పుడు ఇంట్లో లైట్లు ఒక్క క్షణం గుడ్డిగా అయ్యి మళ్ళీ వెలుగుతాయి, చూశారా? మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడు గబుక్కున ఎక్కువ లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే, కాకపోతే సెకనులో ఎన్నోసార్లు అలా లాగుతుంది. ఒక ఫ్రేము, అంటే తెర మీద ఒక బొమ్మ, గీసేటప్పుడు విజృంభిస్తుంది, అయిపోగానే చల్లబడుతుంది, మళ్ళీ ఇంకో ఫ్రేము. ఆ విజృంభించే క్షణం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు, కానీ ఆ క్షణంలో రెట్టింపు దాకా లాగగలదు. మీరు పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో అది కనపడదు, గోడకి పెట్టిన మీటర్లోనూ కనపడదు, అవన్నీ సగటు చూపించేవే. సప్లైలో ఉన్న రక్షణ సర్క్యూట్‌కి మాత్రం కనపడుతుంది. కనపడగానే అది ఏమనుకుంటుంది? ఎక్కడో షార్ట్ అయిందనుకుని మొత్తం ఆపేస్తుంది. పాపం, అది దాని పని చేసింది. మనం కార్డుని తిట్టాం.

2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు ఈ గోల బాగా పెరిగింది, మంచి పేరున్న సప్లైలు కూడా కొన్ని ఆగిపోయేవి. ఆ తర్వాత 2022లో ఏటీఎక్స్ 3.0 అని సప్లైలకి కొత్త ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం 450 వాట్లు దాటిన సప్లై, తన మీద రాసిన దానికి రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్ల పాటు ఆగిపోకుండా తట్టుకోవాలి. 2023లో 3.1 వచ్చింది. కాబట్టి కొత్త సప్లై కొంటున్నవాళ్ళు, పెద్ద కార్డు పెడుతున్నవాళ్ళు, డబ్బా మీద ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉందా చూడండి. చిన్న కార్డుకైతే అది లేకపోయినా కొంప మునగదు.

ఇక సప్లైల మీద ఉండే 80 ప్లస్ అనే బ్యాడ్జీ గురించి. అందులో బ్రాంజ్, గోల్డ్, టైటానియం లాంటి మెట్లుంటాయి. 80 ప్లస్ అన్నది 2004 నుంచి ఉంది. గోల్డ్ అంటే మంచి సప్లై అని అందరూ అనుకుంటారు, కానీ ఆ బ్యాడ్జీ చెప్పేది ఒక్కటే, గోడ నుంచి తీసుకున్నదాంట్లో ఎంత లోపలికి ఇస్తుంది, ఎంత వేడిగా పోగొడుతుంది అని. లోపల 400 వాట్లు కావాలనుకోండి. 90 శాతం సామర్థ్యం ఉన్నది గోడ నుంచి 444 లాగుతుంది. 85 శాతానిది 470 లాగుతుంది. ఆ 26 వాట్ల తేడా వేడి, కరెంటు బిల్లు, ఫ్యాను చప్పుడు. అంతవరకే. వోల్టేజీ నిలకడగా ఉంటుందా, రక్షణలు పనిచేస్తాయా, లోపల కరెంటు నిలవుంచే కెపాసిటర్లు ఎన్నాళ్ళొస్తాయి, ఇవేవీ ఆ బ్యాడ్జీ చెప్పదు. అవి తెలియాలంటే సప్లైని విప్పి, లోడ్ పెట్టి కొలిచిన రివ్యూలు చదవాలి. ప్రమాణం ప్రకారం పన్నెండు వోల్టులు మరీ తగ్గకూడదు, 12.6 దాటకూడదు, రిపుల్, అంటే వోల్టేజీలో ఉండే సన్నటి ఎగుడుదిగుడు, 120 మిల్లీవోల్టులు మించకూడదు. రివ్యూలో ఈ అంకెలుంటే అది చదవదగ్గ రివ్యూ. వీటికి తోడు నేను చూసేది వారంటీ. తన సరుకు మీద ఏడేళ్ళు, పదేళ్ళు నమ్మకం పెట్టే కంపెనీకీ, ఏడాది ఇచ్చే కంపెనీకీ తేడా ఉంటుంది కదా?

వైర్ల సంగతి

ఇప్పటిదాకా చెప్పింది అర్థం కాకపోయినా పర్లేదు, మళ్ళీ చదువుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం గట్టిగా పట్టుకోండి, ఇందులో తప్పు చేస్తే వస్తువులు కాలిపోతాయి.

మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్ల దాకా వస్తుంది. ఆరు పిన్నుల వైరు 75, ఎనిమిది పిన్నుల వైరు 150. 1650 లాంటి కార్డుల్లో చాలావాటికి వైరే అక్కర్లేదు, స్లాట్ చాలు. పెద్ద కార్డుకి రెండు ఎనిమిది పిన్నులు కావాలనుకోండి, చాలా సప్లైల్లో ఒకే వైరు చివర రెండు తలలు వేలాడుతుంటాయి. ఒక్క వైరుతో రెండూ గుచ్చేయొచ్చు, కొలతకి సరిగ్గా సరిపోతుంది, చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది. కానీ ఎనిమిది పిన్నుల్లో పన్నెండు వోల్టులు మోసేవి ఎన్ని? మూడే. రెండు తలల భారం సప్లై వైపు ఆ మూడు తీగల మీదే పడుతుంది. కాబట్టి 200 దాటిన కార్డు ఏదైనా సరే, రెండు సాకెట్లకి రెండు వేర్వేరు వైర్లు సప్లై దాకా వేయండి. వైరు ఒక్కటే ఉన్న సప్లై అయితే, అది ఆ కార్డు కోసం తయారైంది కాదని దాని తయారీదారే మీకు చెప్తున్నట్టు లెక్క.

మరి డిస్కులకెళ్ళే సాటా వైరు నుంచి ఆరు పిన్నులకి మార్చే అడాప్టర్లు వస్తాయి కదా? వద్దు. దయచేసి వద్దు. సాటా కనెక్టర్‌లో పన్నెండు వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియరు మోస్తుంది, మొత్తం నాలుగున్నర, అంటే 54 వాట్లు. దాన్నుంచి 75 లాగుదామనుకుంటే ఆ చిన్న ప్లాస్టిక్ కరుగుతుంది. కరిగిన కనెక్టర్లు నేను చేత్తో పట్టుకుని చూశాను, నల్లగా మాడి, ఒకదానికొకటి అతుక్కుపోయి, లాగితే ఊడవు.

కొత్త కార్డుల్లో పదహారు పిన్నుల చిన్న కనెక్టర్ వస్తోంది. ఒక్కదాన్నుంచే 600 వాట్లు. 600ని పన్నెండు పెట్టి భాగిస్తే 50 ఆంపియర్లు. వాటిని మోసే పిన్నులు ఆరు. ఒక్కోదాని మీద ఎనిమిది ఆంపియర్ల పైమాటే. ఆ పిన్ను ఓర్చుకోగలిగేది తొమ్మిది చిల్లర. ఇప్పుడు ఒక్క పిన్ను సరిగ్గా ఆనలేదనుకోండి, ఏమవుతుంది? ఆ 50 మిగిలిన ఐదింటి మీద పడతాయి, ఒక్కోదానికి పది. అయిపోయింది. 2022 చివర్లో 4090 కార్డుల కనెక్టర్లు కరిగాయని ఫోటోలొచ్చినప్పుడు, చాలావరకూ పూర్తిగా లోపలికి దిగని కనెక్టర్ల వల్లేనని ఆ కార్డుల కంపెనీ ఎన్విడియా చెప్పింది. తర్వాత ఆ కనెక్టర్‌ని సరిదిద్దారు, కనెక్టర్ దిగిందో లేదో కార్డుకి తెలియజేసే చిన్న సెన్స్ పిన్నుల పొడవు తగ్గించారు, సరిగ్గా దిగకపోతే కార్డు కరెంటు లాగకుండా. అయినా మీ జాగ్రత్త మీది. గుచ్చాక టార్చి వేసి చూడండి, అంచు దగ్గర సందు ఉండకూడదు. వేలితో మెల్లగా లాగి చూడండి. కనెక్టర్ నుంచి మూడు, మూడున్నర సెంటీమీటర్ల దాకా వైరు నిటారుగా రావాలి, అక్కడే వంచేసి క్యాబినెట్ తలుపు నొక్కి మూయకండి. తలుపు మూతపడకపోతే ఇంకో క్యాబినెట్ చూసుకోండి గానీ కనెక్టర్‌ని మాత్రం వంచొద్దు.

ఇంకొకటి. ఇది చెప్పాలంటే నాకు మనసు బాగుండదు. నా స్నేహితుడొకడు పాత మాడ్యులర్ సప్లై తీసి కొత్తది పెట్టాడు. మాడ్యులర్ అంటే వైర్లు విడిగా ఊడొచ్చేది. పాత వైర్లు లోపల చక్కగా కట్టేసి ఉన్నాయి, వాటిని మళ్ళీ ఎందుకు విప్పడం అనుకుని, కొత్త సప్లైకి పాత వైర్లే తగిలించాడు. రెండూ ఒకే కంపెనీవి, మోడళ్ళు వేరు. ప్లగ్ చక్కగా దిగింది. ఆన్ చేశాడు. హార్డ్‌డిస్క్ నుంచి చిన్న పొగ, కాలిన వాసన. అందులో వాళ్ళ పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ ఉన్నాయి. ఇంకోచోట కాపీ లేదు. ఎందుకలా అయింది? కార్డు వైపు, డిస్కు వైపు ఉండే కనెక్టర్‌కి ప్రమాణం ఉంది. సప్లై వైపు ఉండేదానికి ఏ ప్రమాణమూ లేదు, ఏ రంధ్రంలో ఏ వోల్టేజీ అనేది తయారుచేసేవాడి ఇష్టం. ఐదు రావాల్సిన చోట పన్నెండు వచ్చింది. కొత్త సప్లై అంటే కొత్త వైర్లు. పాతవి ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. ఒక్కటి కూడా.

మీ ప్రశ్నలు

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి అన్నయ్యా. పాత సప్లై ఎనిమిదేళ్ళు వాడారు, 650ది, మంచి కంపెనీదే, ఉంచుకోవచ్చా అంటున్నారు. లోపలి కెపాసిటర్లకి వయసుంటుంది అన్నయ్యా. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఒక లెక్క. వారంటీ దాటిపోయిన సప్లైని చిన్న కార్డుతో నడుపుకోండి, ఫర్వాలేదు. కొత్తగా పెద్ద కార్డు కొని దాని మెడకి కట్టకండి. అన్నట్టు, తెరిచి చూద్దామని మాత్రం అనుకోకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో మూడు నాలుగొందల వోల్టులు నిలవుండొచ్చు. అది ప్రాణం మీదికొచ్చే పని.

ఆగిపోతోందంటే సప్లైయే అని ఎలా తెలుస్తుంది? మంచి ప్రశ్న. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనపడుతుంది, కానీ దాని అర్థం సరిగ్గా షట్‌డౌన్ అవకుండా ఆగిపోయిందని మాత్రమే, కారణం చెప్పదు. నేను చేయించే పరీక్ష సులువైంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ని, అంటే అది తాగగలిగే వాట్ల హద్దుని, 70 శాతానికి, కుదరకపోతే అది తగ్గనిచ్చినంత మేరకి దించి, అదే ఆట, అదే సీను ఆడండి. ఆగిపోవడం మానేస్తే అనుమానం చాలావరకు సప్లై మీదికి పోతుంది. మా అక్క కొడుకు ఈ పరీక్ష మొదటి రోజే చేసుంటే మూడు వారాలు మిగిలేవి. సప్లై కొనడానికి డబ్బులు కూడేదాకా కార్డుని అలా తగ్గించి వాడుకోవచ్చు కూడా, ఆటలో తేడా మీరు భయపడినంత ఉండదు.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంపెనీ కంప్యూటర్లు కొన్నవాళ్ళు కూడా ఇక్కడున్నారని తెలుసు. వాటిలో కొన్నిటికి సప్లై సైజు వేరు, బోర్డుకెళ్ళే కనెక్టర్ కూడా వేరు. మామూలు ఏటీఎక్స్ సప్లై కొనుక్కొస్తే అది లోపల పట్టదు, పట్టినా తగలదు. ముందు మూత తీసి చూసుకోండి, తర్వాతే కొనండి. పట్టని పక్షంలో వైరు అక్కర్లేని 75 వాట్ల కార్డే మీ దారి, అదేం తక్కువ దారి కాదు.

యూపీఎస్ గురించి ఎవరో అడిగారు. యూపీఎస్ మీద ఉండేది వీఏ, అంటే వోల్ట్-ఆంపియర్లు, వాట్లు కాదు. 600 వీఏ అని ఉన్నది చాలాసార్లు 360 వాట్లే ఇస్తుంది. కార్డు పెద్దదైతే యూపీఎస్ లెక్క కూడా మళ్ళీ వేసుకోండి, లేకపోతే కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ కూడా పోతుంది.

ఇంకొక్కటే తీసుకుంటాను. అమ్మా, నువ్వు ఫోన్ చూపిస్తున్నావు, ఇలా ఇవ్వు. మీ సప్లై స్టిక్కరేనా? మంచి పని చేశావు. ఏం పెడదామనుకుంటున్నావు? ఆర్‌ఎక్స్ 7600. ప్రాసెసర్? రైజెన్ 5 5600. కంపెనీవాళ్ళు 550 కావాలన్నారు, నీ దగ్గర 450దే ఉంది, మార్చాలేమోనని టెన్షన్ పడుతున్నావు. చూద్దాం. పన్నెండు వోల్టులు ఒకటే లైను, 37 ఆంపియర్లు. 444 వాట్లు. బాగుంది. కార్డుకి 165, ప్రాసెసర్‌కి 76, మిగతాదానికి 50. మొత్తం 291. దాని మీద సగం కలిపితే 436, దాదాపు నీ దగ్గరున్నంత. కొని ఎన్నాళ్ళయింది? రెండేళ్ళు. వారంటీ? ఇంకా మూడేళ్ళుంది. ఎనిమిది పిన్నుల వైరు ఉందా? ఒకటుంది. ఆ కార్డుకి కావాల్సింది కూడా ఒకటే.

మార్చొద్దు తల్లీ. ఉన్నదే పెట్టుకో. కార్డు పెట్టాక వైరు క్లిప్పు టక్‌మని పడిందో లేదో ఒకసారి చూసుకో, చాలు.